రక్తసాక్ష్యము, వాక్సాక్ష్యము

తెలుగులో ‘జాతి’ అను మాట చేయునంత చాకిరి మరి యే మాటయు చేయదు. మామిడిపండ్లలో జాతులున్నవి, గుర్రములలో జాతులున్నవి. కులమును జాతి యందురు, దేశప్రజల నందరిని కలిపి జాతి యందురు. పద్యములలో ద్విపద, తరువోజ జాతులే. కవికి ఈ విశాలత గొప్ప సదుపాయము. శాస్త్రగ్రంథమును తెలుగు చేయబూనిన వానికి మాత్రము ఇది అడుగడుగునను గుంట. 2018లో మానవజనుల పూర్వచరిత్రను గూర్చి రెండు గ్రంథములు ఆంగ్లమున వెలువడి దేశమంతట చర్చకు వచ్చినవి. ఒకటి అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ వ్రాసిన ‘హూ వియ్ ఆర్ అండ్ హౌ వియ్ గాట్ హియర్’. రెండవది పత్రికారచయిత టోనీ జోసెఫ్ వ్రాసిన ‘ఎర్లీ ఇండియన్స్’. ఇట్టి గ్రంథములలో మాటిమాటికి తగులు పదము ‘పాప్యులేషన్’. దానిని ‘జాతి’ యని తెలిగించినచో గ్రంథకర్త చెప్పదలచిన దానికి సరిగా వ్యతిరేకమైన అర్థము పాఠకునకు అందును. శాస్త్రజ్ఞుని దృష్టిలో పాప్యులేషన్ అనగా కొంతకాలముపాటు ఎక్కువగా తమలో తాము పెండ్లిండ్లు చేసికొనిన జనము. అది ఏర్పడును, కలియును, చీలును, మాయమగును. ‘జాతి’ యన్నంతనే తెలుగువాని చెవికి వినిపించునది పుట్టుక. పుట్టుకతో వచ్చి చచ్చుదాక విడువనిది. ‘జనసముదాయము’ కొంత బరువైన మాటయే యైనను ఇక్కడ నమ్మదగినది.

ఇది పారిభాషిక పదముల చర్చ మాత్రమే యైనచో నిఘంటుకర్తలకు విడిచిపెట్టవచ్చును. కాని దీని వెనుక, భాష రక్తముతో పాటు వచ్చునను నమ్మకమొకటి చాలకాలముగా సాహిత్యములో పాతుకొని యున్నది. ‘తెలుగు రక్తము’, ‘ఆర్యరక్తము’, ‘ద్రావిడరక్తము’ అను పలుకుబళ్లు ఉపన్యాసవేదికల మీద ధారాళముగా ప్రవహించినవి. ఉపమానముగా వానికి తప్పులేదు. చరిత్రగా పుచ్చుకొన్నప్పుడే చిక్కు. జన్యువు తల్లిదండ్రులనుండి తప్ప మరెక్కడనుండియు రాదు, వలదన్నను వచ్చును. భాష తల్లినుండి వచ్చును, దాదినుండి వచ్చును, పొరుగింటి పిల్లలనుండి, బడిపంతులునుండి, ఏలినవారినుండి, అప్పిచ్చిన వర్తకునినుండి వచ్చును. నడివయసులో క్రొత్తది నేర్వవచ్చును, పాతది విడువవచ్చును. కనుక ఒక జనసముదాయపు గతమును గూర్చి రక్తము, వాక్కు ఇద్దరు వేరువేరు సాక్షులు. ఇద్దరు ఒకే మాట చెప్పినచో ఆ జనము నడచిన దారి తెలియును. వేరువేరు మాటలు చెప్పినచో ఆ జనము ఇతరులతో ఎట్లు బ్రతికినదో తెలియును. ఈ రెండవదే విలువైన సమాచారము. ప్రసిద్ధ గ్రంథములు తొందరగా దాటిపోవునదియు ఇదియే.

వాక్సాక్ష్యమును విచారించు పద్ధతి ఏర్పడుటలో తెలుగునకు ఒక ప్రత్యేకస్థానము కలదు. దక్షిణదేశభాషలు సంస్కృతజన్యములు కావని మొదట సప్రమాణముగా అచ్చులో నిరూపించినది ఒక తెలుగు వ్యాకరణపు పీఠిక. ఎ. డి. కాంప్‌బెల్ ఆంగ్లమున రచించిన ఆ వ్యాకరణము 1816లో మద్రాసులో వెలువడినది. దాని ఉపోద్ఘాతమునకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వివరణము చేర్చినాడు. విలియం కేరీ, చార్లెస్ విల్కిన్స్ వంటి పండితులు అప్పటికి తెలుగును గూడ సంస్కృతపు బిడ్డగానే ఎంచుచుండిరి. రాబర్ట్ కాల్డ్వెల్ ప్రసిద్ధగ్రంథము 1856 నాటిది. ఎల్లిస్ వివరణము దానికి నలువది ఏండ్లు పెద్ద.

ఎల్లిస్ పట్టిన దారి సాహిత్యవిమర్శకులకు గూడ పనికివచ్చునది. తెలుగు పుటలో సంస్కృతపదములెన్ని యని ఆయన లెక్కపెట్టలేదు. ప్రబంధపు పుటను తీసి లెక్కపెట్టినచో వాదము అక్కడనే ముగిసెడిది. ఆయన మాటల రాశిని విడిచి మాటలు మొలకెత్తు చోటును చూచినాడు. వేదము పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాలను ఆధారముగా గొని సంస్కృతధాతువులను తెలుగు ధాతువులను పక్కపక్కన నిలిపి వానికి పొత్తు లేదనియు, తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన నిలిపి వీనికి పొత్తు కలదనియు చూపినాడు. తత్సమ, తద్భవ, దేశ్య విభాగము తెలుగు వైయాకరణులకు ఎప్పటినుండియో తెలిసినదే. ఎల్లిస్ నిరూపణకు ఆ విభాగమే పునాది యని థామస్ ట్రాట్‌మన్ 2006లో ‘లాంగ్వేజెస్ అండ్ నేషన్స్’ గ్రంథమున సవిస్తరముగా చూపినాడు. అరువు ఎంత పెద్దదైనను అరువే, పుట్టువు వేరు. రెండు శతాబ్దముల తరువాత జన్యుశాస్త్రము కలయికను, వంశమును వేరుచేయుటకు పడుచున్న పాటు ఇట్టిదే.

అయితే ఎల్లిస్ నిరూపించినది భాషల చుట్టరికము మాత్రమే. భాషల పేర్లు మెల్లగా మనుష్యులమీదికి జారినవి. ‘ఆర్య’ శబ్దమునకు ఐరోపాలో అంతటి ప్రచారము కల్పించిన మాక్స్ ముల్లరే 1888లో, భాషకు పెట్టిన పేరును రక్తమునకు, పుర్రెకు తగిలించువారిని గట్టిగా మందలించినాడు. అప్పటికే మాట చేయి దాటినది.

ఇద్దరు సాక్షులు ఏకీభవించు సందర్భమునకు యూరపులోని రోమా జనుల కథను మించినది లేదు. వారు ఐగుప్తునుండి వచ్చినారను భ్రమ వలన పుట్టినదే ‘జిప్సీ’ అన్న పేరు. 1782లో జర్మను పండితుడు రూడిగర్ వారి మాటలను హిందుస్థానీ మాటలతో పోల్చి, పుట్టినిల్లు భారతదేశమని తేల్చినాడు. వారికి నీరు పానీ, ముక్కు నాక్, కన్ను యాఖ్, ఇల్లు ఖేర్. అంకెలు ఇంకను చిత్రమైనవి. యేఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్ అని ఆరుదాక లెక్కించుచుండగా భారతీయుడెవడైనను గుర్తుపట్టును. ఏడునుండి తొమ్మిదిదాక ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా అని గ్రీకుమాటలు. మరల పదికి దేశ్. బాటను గూడ వారు ద్రోమ్ అందురు, అదియు గ్రీకే. బాటకు, అంకెలకు అరువుమాటలు వాడుకలోనికి రావలెనన్న ఎన్ని తరములు గ్రీకువారి నడుమ నడచి, బేరమాడి యుండవలెను! 1926లో రాల్ఫ్ టర్నర్ ఆ భాషలోని ధ్వనుల మార్పులను పరిశీలించి, అది మొదట మధ్యదేశభాషలతో కూడి యుండి, తరువాత వాయవ్యమునకు పోయి అక్కడ కొంతకాలము నిలిచి, పిమ్మట దేశము దాటినదని చూపినాడు. మాటల పొరలను బట్టి ఒక జనపు ప్రయాణమును వరుసగా చదువుట భాషాశాస్త్రము సాధించిన గొప్ప పనులలో ఒకటి.

2012లో రోమా జనుల జన్యువులను పరిశోధించినవారు, వారందరి మూలజనము సుమారు 1500 ఏండ్ల క్రిందట వాయవ్యభారతము వైపునుండి బయలుదేరినదనియు, బాల్కను దేశముల మీదుగా సుమారు 900 ఏండ్ల క్రిందటినుండి యూరపులో వ్యాపించినదనియు ప్రకటించిరి. టర్నర్ మాట నిలిచినది. అయితే జన్యువు ఒక క్రొత్త సంగతి చెప్పినది: బయలుదేరినది ఒకే చిన్న గుంపు. భాష ఈ సంగతి చెప్పలేదు. గ్రీకువారి నడుమ లెక్కలు నేర్చిన సంగతి జన్యువు చెప్పలేదు. ఒకే మాట చెప్పిన సాక్షులైనను ఒకరి పని మరొకరు చేయజాలరు.

ఇక ఏకీభవింపని సందర్భములు. ఆస్ట్రేలియాకు తూర్పున శాంతసముద్రములో వనువాటు ద్వీపములున్నవి. అక్కడి దేశీయభాషలు నూటికి పైగా. అన్నియు తైవాను మొదలుకొని మడగాస్కరు దాక వ్యాపించిన ఆస్ట్రోనేషియన్ కుటుంబమునకు చెందినవే. సుమారు 3000 ఏండ్ల క్రిందట ‘లపిటా’ అను చిత్రితమైన మట్టిపాత్రలతో అక్కడ తొలిసారి అడుగుపెట్టినవారి అస్థులనుండి తీసిన డి.ఎన్.ఏ. ఫలితములు 2016లో వెలువడినవి. వారు తైవాను, ఫిలిప్పీన్సు జనులకు దగ్గరివారు. వారిలో పాపువా జనుల పాలు దాదాపు లేదు. నేటి వనువాటు జనులలోనో, పాపువా పాలే అత్యధికము. మధ్యకాలపు అస్థులను గూడ పరిశీలించిన 2018 నాటి పరిశోధనలు ముడి విప్పినవి. సుమారు 2500 ఏండ్ల క్రిందటినుండి పడమటి ద్వీపములనుండి పాపువా జనులు వచ్చి చేరిరి. క్రమముగా రక్తము దాదాపు అంతయు మారినది, భాష మారలేదు. వచ్చినవారు తమ భాషలను విడిచి, ముందున్నవారి భాషలను ఎత్తుకొనిరి.

ఇట్లెందుకు జరిగినది? గెలిచినవాడు తన భాషను రుద్దును, ఓడినవాడు నేర్చుకొనును అన్నది సాధారణముగా వినవచ్చు సూత్రము. ఇక్కడ సంఖ్యలో మించినవారే భాష నేర్చినవారు. రాకపోకలు ఒక్కనాటి దండయాత్రగా గాక తరతరములుగా పెండ్లిండ్లతో, బేరములతో సాగియుండవలెనని ఊహించుట సహజము. ప్రయోగశాల ఇంతదూరము తెచ్చి ఇక్కడ ఆగిపోవును. తల్లి ఒక భాషయు తండ్రి ఒక భాషయు మాటలాడు ఇంటిలో బిడ్డ దేనిని ఎత్తుకొనును, ఎందుకు ఎత్తుకొనునను ప్రశ్న నవలాకారునిది. అట్టి ఇండ్లు తెలుగుదేశపు సరిహద్దులన్నింట ఉన్నవి.

బలూచిస్థానములోని బ్రాహూయీ దీనికి మరియొక ముఖము. ఆ భాష ద్రావిడకుటుంబమునకు చెందినది. అది మాటలాడువారి జన్యువులు మాత్రము పొరుగునున్న బలూచీలకు దగ్గరివే గాని దక్షిణభారత జనులకు కావు. అది ప్రాచీనద్రావిడుల శేషమని కొందరు, తరువాతి కాలమున అటు వలసపోయిన భాష యని కొందరు వాదించుచున్నారు. బ్రాహూయీని చూపి సింధుదేశమంతయు ఒకప్పుడు ద్రావిడమే యని నిశ్చయముగా వ్రాసిన తెలుగు వ్యాసకర్తలు ఈ రెండవ వాదమునకు సాధారణముగా ఒక వాక్యము గూడ ఇయ్యరు.

ఇట్టి ఉదాహరణములను ఎదుట పెట్టుకొనినప్పుడు ఇటలీ పండితుడు లుయీజీ లూకా కవాలీ-స్ఫోర్జా 1988లో సహరచయితలతో ప్రకటించిన పటమును మరల చూడవలెను. ఒకవైపు జన్యువులను బట్టి వేసిన జనసముదాయముల వృక్షము, ఎదుట భాషాకుటుంబములు. కొమ్మకు కొమ్మ సరిపోవునట్లు గీచినది. అది ఎన్నో గ్రంథములలో పునర్ముద్రితమైనది. ఆ పటము చక్కనిది. ప్రమాదము గూడ ఆ చక్కదనములోనే యున్నది. పరీక్షకు తీసికొన్న జనసముదాయములలో పెక్కింటికి భాషను బట్టియే పేరు పెట్టియున్నారు. ముందుగా భాషను బట్టి గుంపులు కట్టి, తరువాత రక్తము భాషతో ఏకీభవించినదనుట కొంతవరకు తాను దాచినదానిని తానే వెదకి తీయుట. కవాలీ-స్ఫోర్జా మహాపండితుడు, జాతివాదమును శాస్త్రబలముతో ఎదిరించినవాడు. కాని వృక్షమను రూపకము ఆయనను గూడ లొంగదీసికొన్నది. భాషలకు వృక్షము గీచిన ష్లైహర్‌కు ఎదురుగా 1872లోనే యోహన్నెస్ ష్మిట్ అలల రూపకమును తెచ్చినాడు. కొమ్మలు విడిపోవుటయే గాని మరల కలియుట చెట్టుకు తెలియదు. చెట్టే కావలెనన్నచో ఊడలు దించు మర్రి కొంత నయము.

భారతదేశపు విషయమునకు వచ్చినచో రూపకములు, నామకరణములు ఇంకను సూక్ష్మపరీక్షకు నిలువవలసి యున్నవి. 2008 అక్టోబరులో రైక్, ఆయన సహచరుడు నిక్ ప్యాటర్సన్ హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి వచ్చి, లాల్జీ సింగ్, తంగరాజులతో కూర్చుండి పరిశోధనాఫలితములను చర్చించిరి. భారతజనులు రెండు ప్రాచీన జనసముదాయముల కలయిక యని తేలినది. అందొకటి పశ్చిమ యురేషియా జనులకు దగ్గరిది. ఆ సంగతిని ఏ మాటలలో చెప్పవలెనన్న దాని మీద తీవ్రమైన వాదము జరిగినదని రైక్ తన గ్రంథములో దాచక వ్రాసినాడు. చివరకు ‘పూర్విక ఉత్తరభారతీయులు’, ‘పూర్విక దక్షిణభారతీయులు’ అను అర్థము వచ్చు రెండు పేర్లు కుదిరినవి. 25 సమూహములకు చెందిన 132 మంది జన్యువుల ఆధారముతో ఆ పరిశోధన 2009లో ‘నేచర్’ పత్రికలో వెలువడినది. పేర్లు భౌగోళికములే, కాని తెలుగు పాఠకుడు మొదటిదానిని ఆర్యులనియు రెండవదానిని ద్రావిడులనియు తక్షణమే అనువదించుకొన్నాడు. ఆ పేర్లను కూర్చినవారు ఈ అనువాదమును ఊహించియుండవలసినది. పరిశోధన చెప్పినదో, దేశములోని చాల సమూహములలో మొదటి పూర్వికుల పాలు నూటికి 39 మొదలు 71 వరకు ఉన్నదని. అనగా ఏ సమూహమును ఏ ఒక్క పేరునకును చెందదని.

2019లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన, 523 మంది ప్రాచీనమానవుల డి.ఎన్.ఏ. తోడ్పాటుతో, ఆ రెండు పేర్లను గూడ విప్పివేసినది. దాని ప్రకారము ‘పూర్విక దక్షిణభారతీయులు’ మూలజనము కారు. సింధునాగరికతతో సంబంధించిన జనమును, అంతకు పూర్వమునుండి దక్షిణదేశమున నున్న జనమును కలిసి ఏర్పడినవారు. ‘పూర్విక ఉత్తరభారతీయులు’ గూడ అదే సింధుజనము, క్రీస్తుపూర్వము 2000-1500 నడుమ ప్రవేశించిన స్టెప్పీ మైదానజనము కలిసి ఏర్పడినవారు. ఆర్యుడు, ద్రావిడుడు అని పోరాడించిన రెండు పాత్రలకు ఒక తాత ఉమ్మడి! ఆ యేడే రాఖీగఢీలో దొరికిన ఒక స్త్రీ అస్థులనుండి తీసిన డి.ఎన్.ఏ. ఫలితము వెలువడినది. ఆమెలో స్టెప్పీ పాలు లేదు. అంతవరకు సరియే. ఆమె ఏ భాష మాటలాడినదో ఆ ఎముక చెప్పదు. చెప్పగల లిపి ఇంకను చదువబడలేదు. 2018లో ఇరువది ద్రావిడభాషల పదజాలమును గణితపద్ధతిని పరిశీలించినవారు ఆ కుటుంబపు వయస్సు సుమారు 4500 ఏండ్లని అంచనా వేసిరి. ఆ అంకె హరప్పా కాలములో పడినంతమాత్రమున హరప్పా నోట ద్రావిడము పెట్టుట, ఒకే సంవత్సరమున పుట్టిన ఇద్దరిని అన్నదమ్ములనుట వంటిది.

టోనీ జోసెఫ్ ఈ సంగతులను చక్కని సుగమశైలిలో చెప్పినాడు. విషయమును ఇంత శుభ్రముగా విప్పిచెప్పు గ్రంథము తెలుగున స్వతంత్రముగా వెలువడవలసియున్నది. ఆయన ఎన్నుకొన్న ఉపమానము పిజ్జా: అడుగున తొలి భారతీయులు, దానిపై పులుసువలె హరప్పీయులు, ఆపైన తక్కినవారు. ఉపమానము వెంటనే బోధపడును గాని ముఖ్యమైన చోట జారిపోవును. 2013లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము భారతజనుల కలయిక సుమారు 4200 మొదలు 1900 ఏండ్ల క్రిందటి వరకు విస్తారముగా సాగినది. పిమ్మట సమూహములు తమలో తాము పెండ్లాడ మొదలిడుటతో ఆగినది. పిజ్జాలో ఈ ఆగుట లేదు. ఒకే వంటకమును వేరువేరు పాళ్లలో కలిపి, వేరువేరు కుండలలో పోసి, మూతలు బిగించి రెండువేల ఏండ్లు అటకమీద పెట్టినారనుట సత్యమునకు దగ్గర.

ఆ కుండలు తెలుగుదేశములో ఎన్ని యున్నవో 2009 పరిశోధనయే చూపినది. ఆ 25 సమూహములలో మాల, మాదిగ, వెలమ, కంసాలి, వైశ్య, చెంచు జనులున్నారు. వీరందరు మాటలాడునది తెలుగే. ఐనను వైశ్యుల జన్యువులలో, రెండు మూడువేల ఏండ్ల క్రిందటి కొద్దిమంది మూలపురుషులనుండి ఆ సమూహము పెరిగినదనియు, అప్పటినుండి బయటివారితో పెండ్లి సంబంధము దాదాపు లేదనియు తెలుపు గుర్తులున్నవి. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకు ఇచ్చు కొన్ని మందులను విరిచివేయు సూడోకోలినెస్టరేజ్ అను పదార్థము ఈ సమూహములో కొందరికి కొరతపడుట వైద్యులకు తెలిసిన సంగతి; ఆ మందు తీసికొన్నవారి కండరములు చాలసేపు తిరిగి పట్టు చిక్కించుకొనవు, ఊపిరి తీయుటయు కష్టమగును. భాష గోడ దాటినది, వివాహము దాటలేదు. ఒకే తెలుగు, ఒకే సామెతలు, ఒకే పంటకాలువ నీరు. పక్కపక్క వీథులవారి రక్తములు మాత్రము రెండు దేశములవారి రక్తములవలె దూరముగా నున్నవి. ‘తెలుగుజాతి ఏకరక్తము’ అను వేదికోక్తికి జన్యుశాస్త్రము ఇచ్చు సమాధానమిది. తెలుగువారిని ఒక్కటిగా కట్టినది భాష మాత్రమే.

భాషావృక్షములో తెలుగునకు అతి సమీపబంధువులు తమిళ కన్నడములు కావనియు, గోండీ, కొండ, కూయి, కువి మొదలగునవి యనియు భద్రిరాజు కృష్ణమూర్తి నిర్ధారించినాడు. తమిళపు ‘ఉరల్’ తెలుగున ‘రోలు’, ‘ఇరండు’ తెలుగున ‘రెండు’, ‘మరం’ తెలుగున ‘మ్రాను’ అయిన మార్పు, అనగా నడిమి హల్లు మాట మొదటికి దుముకుట, ఈ గుంపునకు గుర్తు. ఈ చుట్టరికమును రక్తములో వెదకినచో దొరకునా? 2017లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము గోండుల జన్యువులు తక్కిన ద్రావిడభాషుల కంటె పొరుగునున్న ముండాభాషలవారికే దగ్గరగా నున్నవి. ప్రబంధకవి చెవికి అడవిమాటగా వినిపించిన గోండీ ఆయన తెలుగునకు తోబుట్టువు. ఆ భాష మాటలాడు మనుష్యుల రక్తబంధువులు వేరొక భాషాకుటుంబములో నున్నారు. ఏ కాలమున, ఏ ఒత్తిడిచేత ఒక భాషను విడిచి మరియొక భాషను పట్టిరో చెప్పు గ్రంథము లేదు.

2011 జనగణనలో గోండులు కోటికి పైబడిరి; గోండీ మాతృభాష యన్నవారు సుమారు 29 లక్షలు. తక్కినవారు హిందీ, ఛత్తీస్‌గఢీ, మరాఠీ, తెలుగు మొదలగు భాషలలోనికి పోయినారు. ఇంకొక వేయి ఏండ్ల తరువాత వచ్చు పరిశోధకునకు వారి జన్యువులు అట్లే కనిపించును, పోయిన మాటలు కనిపింపవు. 1940ల దశకములో ఆదిలాబాదు మార్లవాయిలో మకాము పెట్టి, గోండు పిల్లలకు గోండీలోనే పాఠములు చెప్పు బడులకు కారకుడైన హైమెన్‌డార్ఫ్ అక్కడొక విచిత్రమును నమోదు చేసినాడు. గోండుల దేవతాకథలను, వంశకథలను తరతరములుగా పాడి నిలిపినవారు ప్రధానులను గాయకులు; వారు గోండులు కారు, ఇంటిలో వారి మాతృభాష మరాఠీ; కింగ్రీ మీటి పాడునది మాత్రము గోండీలోనే.